మబ్బును చూచి ముంత ఒలకబోసుకొనరాదు

రేడియో గల గృహములలో చిన్నపిల్లలు ఒకప్పుడు తప్పక వేయు ప్రశ్న యొకటి యుండెడిది: "పాట పాడువారు ఈ పెట్టెలో ఎక్కడ ఉన్నారు?" పెద్దలు నవ్వి, పాట పెట్టెలో లేదనియు, దూరముననున్న కేంద్రమునుండి వచ్చుచున్నదనియు, కేంద్రము ఆగినచో పెట్టెయు మూగబోవుననియు చెప్పెడివారు. అదే ఇంటిలో గ్రామఫోను కూడ ఉన్నచో భేదము పిల్లలకు సులభముగా బోధపడెడిది. గ్రామఫోను పాట ప్లేటులోనే కలదు. కేంద్రము పనిచేసినను చేయకున్నను అది పాడును.

నేటి కంప్యూటర్లు ఈ రెండు పెట్టెలను ఒక్కటిగా కలిపివేసినవి. తెరమీద ఒకే వరుసలో పది ఫైళ్ళ పేర్లు కనబడును. వానిలో కొన్ని గ్రామఫోను ప్లేట్ల వంటివి, కంప్యూటరులోనే నిలువయున్నవి. కొన్ని రేడియో పాట వంటివి. ఎక్కడనో యుండి, ఇంటర్నెట్టు ఉన్నప్పుడు మాత్రమే మనయొద్దకు వచ్చునవి. పైచూపునకు రెండును ఒకటే. ఈ భేదమును గుర్తించుట ఎట్లు, కావలసిన ఫైలును ఇంటర్నెట్టు లేనిచోట కూడ చేతికందునట్లు ఉంచుకొనుట ఎట్లు అను విషయమును ఈ ప్రసంగములో వివరింపదలచితిమి. ఇది మేము పుస్తకములనుండి నేర్చినది కాదు. ఒక వృద్ధురాలి యెదుట తలవంచుకొని నేర్చినది.

2024 వేసవిలో మేము శ్రీశైలము దారిలో మన్ననూరు దాటి, నల్లమల అడవిలోని ఒక చెంచుపెంటకు పోయి, అక్కడి పెద్ద యొకరి పాటలను రికార్డు చేసితిమి. తేనె తీయుటకు పోవునప్పుడు పాడుకొను పాట యొకటి అందులో కలదు. ఆ పెద్ద ఆ సంవత్సరమే వర్షాకాలమున గతించిరి. ఆయన భార్య మాకు కబురు పంపినది. మరల వచ్చునప్పుడు ఆ పాటను తెచ్చి వినిపింపుమని కోరినది. తప్పక వినిపించెదమని మాట యిచ్చి, 2025 ఫిబ్రవరిలో లాప్‌టాపు తీసికొని సికింద్రాబాదునుండి బయలుదేరితిమి.

పెంటలో చెట్టుక్రింద జనము కూడిరి. లాప్‌టాపు తెరచితిమి. ఆ పెద్ద పేరుతో ఫోల్డరు కనబడినది. పాట పేరుతో ఫైలు కనబడినది. నొక్కితిమి. క్షణకాలము ఒక చక్రము తిరిగి, ఇంటర్నెట్టు లేదను మాట తెరపై వచ్చినది. ఆ ప్రాంతమున సిగ్నల్ లేదు. వృద్ధురాలు తెరవంకను మావంకను మార్చి మార్చి చూచి, "ఏమాయె సారూ, పలుకుతలేడా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయినది.

తప్పు యంత్రమునది కాదు, మాదే. ప్రయాణమునకు వారము ముందు లాప్‌టాపులో చోటు చాలదను హెచ్చరిక వచ్చినది. సంగీతమునకు తగిన నాణ్యతతో చేసిన రికార్డింగు నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు, గంటకు సుమారు 600 మెగాబైట్లు ఆక్రమించును. 256 గిగాబైట్ల డిస్కు మా వృత్తికి ఎన్నడును చాలదు. కావున పాత ఫోల్డర్లన్నింటిని ఒక్కసారిగా ఎంపిక చేసి, చోటు ఖాళీచేయు ఆజ్ఞను నొక్కితిమి. చోటు దొరకినది. ఫైళ్ళ పేర్లన్నియు యథాప్రకారముగానే కనబడుచుండెను గనుక ఏమియు పోలేదని సంతోషించితిమి. నిజమునకు ఫైళ్ళు దూరముననున్న కేంద్రములో భద్రముగానే ఉన్నవి. మా లాప్‌టాపులో మాత్రము పేర్లు మిగిలినవి.

మబ్బులోని నీళ్ళు చూచి ముంతలోని నీళ్ళు ఒలకబోసుకొన్నట్లను సామెత మనకు కలదు. ఇంగ్లీషువారు ఇట్టి దూరపు నిలువకు 'క్లౌడు', అనగా మబ్బు అనియే పేరు పెట్టుటచే, ఆ సామెత మాయెడల అక్షరాలా నిజమైనది.

ఇంతకును ఈ మబ్బు ఆకాశమున లేదు. అది నేలమీది గట్టి కట్టడములలో, చల్లని గదులలో, రాత్రింబవళ్ళు విద్యుచ్ఛక్తితో నడచు వేలకొలది కంప్యూటర్ల సమూహము. దానికి డేటా సెంటరని పేరు. మన హైదరాబాదు ప్రాంతములోనే అమెజాన్ వారి డేటా సెంటర్ల సముదాయమొకటి 2022 నవంబరునుండి పనిచేయుచున్నది. అయినను ఒక సంగతి గ్రహింపవలెను. ఫైలు దాగియున్న కట్టడము పొరుగువీధిలో ఉన్నను, పొరుగుదేశములో ఉన్నను, దానికిని మనకును నడుమ నున్న ఇంటర్నెట్టు మార్గము తెగినచో ఫలితమొక్కటే. దూరము ముఖ్యము కాదు, దారి ముఖ్యము. వానకాలమున మారేడుపల్లిలో గాని తార్నాకలో గాని ఒక చెట్టుకొమ్మ విరిగి తీగపై పడినచో, మన ఇల్లును కొంతసేపు నల్లమలయే యగును.

ఈ చిక్కు క్రొత్తది కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1987లోనే దీనిపై పరిశోధన ఆరంభమైనది. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన మన రాజ్ రెడ్డి గారు ఆచార్యులుగా నుండి, 1991నుండి 1999వరకు కంప్యూటరు విజ్ఞానశాఖకు డీనుగా వ్యవహరించిన విశ్వవిద్యాలయమది. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ గారు అచ్చట తమ బృందముతో 'కోడా' అను ఫైళ్ళ వ్యవస్థను నిర్మించిరి. ఆయనయు జేమ్స్ కిస్ట్లర్ గారును కలసి 1992లో ప్రచురించిన పరిశోధనాపత్రము, ఫైళ్ళను దాచు కేంద్రముతో సంబంధము తెగిన వేళలందు కంప్యూటరు ఎట్లు నడువవలెనో విశదీకరించినది.

వారి యోచన మూడు దశలుగా సాగును. సంబంధము చక్కగా నున్నప్పుడే, రాబోవు అవసరమును ఊహించి, కావలసిన ఫైళ్ళను కంప్యూటరులోనికి తెచ్చి కూడబెట్టుకొనుట మొదటి దశ. సంబంధము తెగినప్పుడు ఆ కూడబెట్టినదానితోనే పని సాగించుట రెండవ దశ. సంబంధము తిరిగి కలిగినప్పుడు, ఈలోగా చేసిన మార్పులను కేంద్రమునకు అప్పగించి లెక్క సరిచూచుకొనుట మూడవ దశ. మొదటి దశకై వాడుకరి తనకు ముఖ్యమైన ఫైళ్ళ జాబితాను, వాని ప్రాధాన్యమును తానే వ్రాసి యీయవచ్చును. వ్యవస్థ పది నిమిషములకొకసారి ఆ జాబితాను సరిచూచి, నిలువను తాజాగా నుంచుచుండెను.

మన గృహిణులకు ఈ మొదటి దశను ఎవరును నేర్పనక్కరలేదు. మామిడికాయ దొరకు వేసవిలోనే సంవత్సరమునకు సరిపడ ఆవకాయ పెట్టి జాడీలలో నింపుదురు గాని, కార్తికమాసమున కాయకై తోటకు పరుగెత్తరు. నేటి మేఘసేవలన్నింటిలోను ఈ జాడీ ఏర్పాటు కలదు. అయితే జాడీ నింపుమని మనము చెప్పవలెను. చెప్పనిచో, చోటును పొదుపు చేయుటయే తన ధర్మమని యంత్రము భావించును.

విండోస్ కంప్యూటర్లలోని వన్‌డ్రైవ్‌ను ఉదాహరణగా తీసికొందము. 2013లో వచ్చిన విండోస్ 8.1లో ఫైలు దూరముననున్నను దాని పేరును ఇంటి కంప్యూటరులో చూపు పద్ధతి ప్రవేశపెట్టబడినది. కనబడిన ఫైలు తీరా అవసరమునకు తెరచుకొనకపోవుటచే పలువురు తికమకపడిరి. 2015లో వచ్చిన విండోస్ 10లో మైక్రోసాఫ్టువారు ఆ పద్ధతిని తొలగించిరి. మరల 2017 అక్టోబరులో, స్పష్టమైన గుర్తులతో, 'ఫైల్స్ ఆన్ డిమాండ్' అను పేర తిరిగి తెచ్చిరి. కావున ఈ విషయమున మోసపోయినవారు తమ తెలివితక్కువతనమునకు నొచ్చుకొనవలసిన పని లేదు. నిర్మాతలే ఒకసారి వెనుకకు తగ్గవలసి వచ్చినది.

ఆ గుర్తులు మూడు. ఫైలు ప్రక్క నీలిరంగు మబ్బుబొమ్మ ఉన్నచో, ఆ ఫైలు కేంద్రములో మాత్రమే కలదు. మనయొద్ద పేరు తప్ప మరేమియు లేదు. తెల్లని వృత్తములో ఆకుపచ్చని టిక్కు ఉన్నచో, దానిని మనము ఒకసారి తెరచితిమి గనుక ప్రస్తుతము కంప్యూటరులో నిలిచియున్నదని అర్థము. ఇది అతిథివంటిది, చోటు కావలసినప్పుడు దీనిని మరల మబ్బులోనికి పంపివేయునట్లు విండోస్‌లో ఏర్పాటు చేయవచ్చును. నిండు ఆకుపచ్చని వృత్తములో తెల్లని టిక్కు ఉన్నచో, అది మన ఇంటి మనిషి. మనము పంపిననాడు తప్ప పోదు.

నీలి మబ్బును నిండు ఆకుపచ్చగా మార్చుటకు ఫైలుపైగాని ఫోల్డరుపైగాని మౌసు కుడిబొత్తాము నొక్కి, 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' అను మాటను ఎంచవలెను. ఎల్లప్పుడు ఈ యంత్రములోనే ఉంచుమని దాని భావము. ఫోల్డరునకు ఈ ఆజ్ఞ యిచ్చినచో, తరువాత అందులో చేరు క్రొత్త ఫైళ్ళు కూడ దిగివచ్చును. 'ఫ్రీ అప్ స్పేస్' అనునది దీనికి వ్యతిరేకము. చోటు ఖాళీచేయుమని దాని భావము. మేము తొందరలో నొక్కినది ఇదియే. గుర్తులయందు అనుమానము కలిగినచో ఫైలు యొక్క 'ప్రాపర్టీస్' తెరచి చూడవలెను. అందు ఫైలు పరిమాణము, డిస్కుపై అది ఆక్రమించిన చోటు అని రెండు అంకెలుండును. మొదటిది పెద్దదిగా నుండి రెండవది సున్న అయినచో, ముంత ఖాళీ యని తెలిసికొనవలెను.

తక్కిన సేవలలో మాటలు మారును గాని భావము మారదు. గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటరులో అమర్చుకొనునప్పుడు 'స్ట్రీమ్', 'మిర్రర్' అని రెండు మార్గములు చూపును. మొదటిది రేడియో, అవసరమైనప్పుడు తెప్పించును. రెండవది గ్రామఫోను, మన ఫైళ్ళనన్నింటిని డిస్కుపై కూడ ఉంచును. మొదటి మార్గమును ఎంచుకొన్నవారు ముఖ్యమైనవానికి 'అవైలబుల్ ఆఫ్‌లైన్' అను ఆజ్ఞ నీయవలెను. ఇచ్చట ఒక మెలిక కలదు. గూగుల్ డాక్స్, షీట్స్ అను పత్రములు డిస్కుపై కనబడినను అవి చిరునామా చీటీలు మాత్రమే. వానిని ఇంటర్నెట్టు లేకుండ తెరచుటకు క్రోమ్ వంటి బ్రౌజరులో ఆఫ్‌లైన్ ఏర్పాటును ముందుగా వేరుగా చేసికొనవలెను. డ్రాప్‌బాక్స్‌లో 'మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్' అను ఆజ్ఞ కలదు. ఆపిల్ వారి మాక్ కంప్యూటర్లలో నిలువచోటును పొదుపు చేయు ఏర్పాటు ఎంచుకొన్నచో, చోటు తగ్గినప్పుడు ఐక్లౌడ్‌లోని పాత ఫైళ్ళు తమంతట తామే డిస్కును వీడును. 2024లో వచ్చిన సెకోయానుండి మాత్రము 'కీప్ డౌన్‌లోడెడ్' అను ఆజ్ఞతో వానిని నిలుపుకొనవచ్చును. చేతిఫోనులలోని డ్రైవ్ యాప్‌లలోను ఇట్టి ఆజ్ఞయే కలదు.

ఇక ఏ ఫైళ్ళను ఇంట ఉంచుకొనవలెనను ప్రశ్న. అన్నింటిని ఉంచుకొందమన్నచో చోటు చాలదు. ఉంచుకొనుటకు మేము ఏర్పరచుకొన్న నియమము సులభమైనది: ఇంటర్నెట్టు లేని గంటలో ఏది అడుగబడునో దానిని ముందుగా జాడీలో పెట్టవలెను. ఆసుపత్రికి పోవు తల్లిదండ్రుల పరీక్షాఫలితములు, మందుల చీటీలు, రిజిస్ట్రారు కార్యాలయమున చూపవలసిన ఇంటి కాగితములు, రైలు టికెట్టు, పిల్లల పరీక్షల హాలుటికెట్టు, మరునాటి సభలో చదువవలసిన ఉపన్యాసము, ఇవి పరిమాణమున చిన్నవి, అవసరమున పెద్దవి. పదేండ్లనాటి పెండ్లి వీడియోలు మబ్బులో నిశ్చింతగా నుండవచ్చును. అట్టి చిన్న పత్రములకై ఒక ఫోల్డరు చేసి, దానికి ఒక్కసారి 'ఎల్లప్పుడు ఉంచుము' అను ఆజ్ఞ యిచ్చినచో, తరువాత పత్రమును అందులో వేయుట యొక్కటే పని. అయితే ఇంట నిలిచిన ఫైలు, లాప్‌టాపు దొంగిలింపబడినచో దొంగవెంట పోవును. కావున యంత్రమునకు సంకేతపదము తప్పక ఉండవలెను. నలుగురు వాడు కంప్యూటరులో ఇట్టి పత్రములు నిలుపరాదు.

ఆజ్ఞ యిచ్చినంతమాత్రమున పని ముగియలేదు. పెద్ద ఫైళ్ళు దిగివచ్చుటకు కాలము పట్టును. ప్రయాణమునకు గంట ముందు నొక్కి, సగము దిగకమునుపే మూసి, సికింద్రాబాదు స్టేషనుకు పరుగెత్తువారు మావలెనే భంగపడుదురు. ముందురోజు రాత్రి ఆజ్ఞ యిచ్చి, ఉదయమున ఒక పరీక్ష చేయవలెను. ఇంటిలో నుండగానే వై-ఫై నిలిపివేసి, కావలసిన ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరచి చూడవలెను. తెరచుకొన్నచో అడవిలోను తెరచుకొనును. ఈ పరీక్షకు ఐదు నిమిషములు చాలును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటకంటె ఇది తేలిక.

మరి రెండు జాగ్రత్తలు చెప్పి ముగించెదము. మొదటిది మార్పులను గూర్చినది. ఇంటర్నెట్టు లేనిచోట మీరొక లెక్కల పత్రమును దిద్దుచుండగా, ఇంటిలో మీ తమ్ముడు అదే పత్రమును వేరొక కంప్యూటరులో దిద్దవచ్చును. తిరిగి సంబంధము కలిగినప్పుడు ఎవరి మాట నిలుపవలెనో యంత్రమునకు తెలియదు. సాధారణముగా అది రెండు ప్రతులను ఉంచి, ఒకదానికి కంప్యూటరు పేరునుగాని మరియొక గుర్తునుగాని తగిలించును. అట్టి జంటప్రతి కనబడినప్పుడు, అది అనవసరమని తుడిచివేయక, రెండింటిని చదివి కలుపుకొనవలెను. కోడా నిర్మాతలు చెప్పిన మూడవ దశలో మనుష్యుని వంతు ఇదియే.

రెండవది తుడుపును గూర్చినది. ఇది మరింత ముఖ్యము. చోటు ఖాళీచేయుట వేరు, తుడిచివేయుట వేరు. మబ్బుబొమ్మ గల ఫైలు ఎట్లును ఇంటిలో లేదుగదా యని, దాని పేరును 'డిలీట్' చేసినచో, కేంద్రములోని అసలు ఫైలే పోవును. మీ తక్కిన యంత్రములనుండియు పోవును. కంప్యూటరులో నిలిచియుండని ఫైలు తుడువబడినప్పుడు అది కంప్యూటరు చెత్తబుట్టలో కూడ కనబడదు. మేఘసేవవారి వెబ్‌సైటునందలి చెత్తబుట్టలో వెదకవలెను. వన్‌డ్రైవ్ సొంత ఖాతాలలోను, గూగుల్ డ్రైవ్‌లోను అది 30 దినములు మాత్రమే నిలుచును. తరువాత రాదు. కావున మబ్బును ఏకైక భాండాగారముగా నమ్మరాదు. తిరిగి సంపాదింపరాని ఫొటోలు, కంఠస్వరములు, పత్రములు ఒక విడి డిస్కుపై మరియొక ప్రతిగా నుండవలెను. ఆ ప్రతి తీయునప్పుడు కూడ, ముందు ఫైళ్ళను మబ్బునుండి దింపుకొని, తరువాత నకలు చేయుట మేలు.

మేము నెలరోజులకు మరల ఆ పెంటకు పోయితిమి. ముందురాత్రి ఆ పెద్ద పేరుగల ఫోల్డరునకు నిండు ఆకుపచ్చ గుర్తు వచ్చువరకు కూర్చుంటిమి. ఉదయమున వై-ఫై ఆపి పాటను చివరివరకు వింటిమి. ఫోనులోనికి ఒక ప్రతి తీసికొంటిమి. చెట్టుక్రింద లాప్‌టాపు తెరచి నొక్కగనే, ముందు ఆయన దగ్గు వినబడినది. రికార్డింగులో ఆ దగ్గు ఉన్నదని మాకు జ్ఞాపకము లేదు. పాట మొదలుకాకముందే వృద్ధురాలు కొంగు నోటికడ్డము పెట్టుకొని, "ఆయనే" అనినది. పాట ముగిసిన పిమ్మట మరల పెట్టుమనినది. మూడుసార్లు పెట్టితిమి.

బయలుదేరుటకు ముందు ఆమె కుమారుని ఫోనులోనికి ఆ పాటను నకలు చేసి, ఫోనును సిగ్నల్ లేని స్థితిలోనే తెరచి, పాడుచున్నదని చూచుకొని మరీ వచ్చితిమి. ఇప్పుడు ఆ పాటకొరకు వారు మా రాకకై గాని, మబ్బుకై గాని వేచియుండ నవసరము లేదు.